చింతపండుతో తోమిన తూటాలు

గట్టు ఊళ్లో దసరా పొద్దు. ఒకప్పుడు మండలాధ్యక్షుడై, పదవి పోయినా పంచెకు గంజి మాత్రం తగ్గించని కురుమూర్తి ఇంటి వసారా. పీట మీద పసుపు కుంకుమ పెట్టిన చిన్న పిస్తోలు, దాని ముందు పళ్లెంలో తళతళలాడే తూటాలు. పళ్లెం అవతల భార్య హన్మమ్మ.

"ఏందే ఇవి? హన్మమ్మా, ఏం చేసినవే వీటిని?"

"తోమిన."

"తోమినవా!"

"ఆయుధపూజ గదయ్యా. రాగివి, అచ్చం రాగివి అని నువ్వే అంటివి. రాగి చెంబు తోమినట్ల ఇంత చింతపండు, ఇంత ఉప్పు ఏసి తోమిన. ఎట్ల మెరుస్తున్నయో సూడు."

"నీళ్లల్ల ముంచినవా వీటిని?"

"నీళ్లు లేకుంట తోముడెట్ల? మల్ల ఎండల పెట్టిన గదా. మిద్దె మీద, మిరపకాయల పక్కన."

"మిరపకాయల పక్కన! లోపల మందు ఉంటదే. తడిస్తే..."

"ఆ, తడిస్తే?"

"తడిస్తే పేలుతయో లేదో ఎవనికెరుక! వీటి కోసం హైదరాబాదుల ఎన్ని దుకాండ్లు తిరిగిన్నో నీకేం తెల్సు? ఎవ్వన్నడిగినా లోపల సీసం, మీద రాగి పూత, గంతే అంటడు. అచ్చం రాగివి ఫారిన్ సరుకు. ఒక్క సేటు కాడ దొరికినయ్, అదీ బతిలాడితే."

"సీసంవి తెస్తే ఏం పాయె?"

"సీసం నాకు పడదు. అలంపురం అయ్యగారు జాతకం చూసి చెప్పిండు. అది నాకు శని అట."

"గుండు తగిలేది అవుతలోనికి గదా. జాతకం వానిది చూపియ్యాలె. నీదెందుకు చూపిస్తివి?"

"నీకు చెప్పినా సమజ్ కాదు. జాతకమొక్కటే గాదే. పిస్తోలు చిన్నది, గొట్టం పొట్టిది, జోరు తక్కువుంటది. సీసందైతే బట్టల్ల చుట్టుకోని మీదమీదనే ఆగుతదట. రాగిది చెడదు, సీదా లోపలికి పోతది. సేటు నా కండ్ల ముంగటనే కొట్టి చూపిచ్చిండు. తడిపిన పేపర్ల కట్ట పెట్టి, దాని మీద జీన్స్ ప్యాంటు బట్ట మడతలు మడతలు కప్పి..."

"మంచిగున్నది. ఇంతకు ఎవరిని కొడ్తవు?"

"ఎవరినేంది? అడవిల అన్నలున్నరు, నక్సలైట్లు. నల్లమల ఎంత దూరం?"

"అన్నలు నల్లమల ఇడిసిపాయె. ఉన్నప్పుడన్న నీ దిక్కు చూసిన్రా? పక్క మండలమాయనకు బెదిరింపు వచ్చింది, నాకు రాలేదని నువ్వు బువ్వ ముట్టకపోతివి. మా అవ్వగారి ఊరోళ్లందరికి తెల్సు."

"గట్ల ఒక్కటన్న వస్తేనే గన్‌మెన్లను ఉంచుతరే! రాకపాయె, వాళ్లను తీసేసిరి. అప్పట్ల నేను నడుస్తుంటే ఎనక ఇద్దరు నడుస్తుండిరి. ఇప్పుడు ఎనక కుక్క గూడ వస్తలేదు."

"అందుకని పిస్తోలా?"

"అందుకని గాదు. బాలన్న ఉన్నడు. నన్ను ఓడగొట్టినోడు. వాడు మామూలోడు గాదు."

"మొన్న పెండ్లిల బాలన్న, నువ్వు ఒక్క బంతిల కూసుంటిరి. నీ ఇస్తారిల మూలిగె బొక్క తీసి ఆయన ఇస్తారిల ఏస్తివి. బాలన్నా తిను, బాలన్నా తిను అని."

"అది రాజకీయం."

"సరే, రాజకీయమే. అన్నలకేమో పచ్చ బట్టలు. బాలన్నకు ధోతి. మరి జీన్స్ ప్యాంటు తొడిగేదెవరు?"

"ఆ?"

"జీన్స్ ప్యాంటు మీద కొట్టి చూసినవంట గదా. గట్టుల ఎవరున్నరు గది తొడిగేటోళ్లు?"

"చాలమంది తొడుగుతరు. కాలం మారింది. చాయ్ తే పో."

"పేరు చెప్పు, తెస్త."

"చాయ్ తే అంటున్న గదా."

"పేరు చెప్పు అంటున్న గదా."

"వాడు వస్తుండట ఇయ్యాల. ఊరంత అదే ముచ్చట."

"ఎవరు?"

"నీకు తెల్వదా?"

"తెల్సు. నీ నోట్లకెళ్లి రావాలె."

"చరణ్ గాడు! మన చేన్ల కలుపు తీసే సారమ్మ కొడుకు. నా బిడ్డను ఎత్కపోయినోడు. ఇగ చాలా?"

"ఎత్కపోలే. పెండ్లి చేసుకున్నడు. నిరోష తన కాళ్ల మీద తను నడిచిపోయింది. ఇప్పుడాయన వనపర్తి కాలేజీల సారు."

"ఏ సారైతే నాకేంది? వాడొచ్చి మీద పడ్తే నేను సూసుకుంట కూసోవాల్నా? లైసెన్సు ఇచ్చిందే ఆత్మరక్షణకు."

"నిరుడు గూడ వచ్చిండు. ఏం పట్టుకొచ్చిండు?"

"యాదికి లేదు."

"యాదికి తెచ్చుకో."

"...సీతాఫలాలు."

"గంపెడు సీతాఫలాలు. వాకిట్ల నిలవడి మామా, దండం అన్నడు. నువ్వు ఎనక తలుపుకెళ్లి ఉరికితివి. సీతాఫలాల మీదికి పిస్తోలు తెచ్చినోన్ని నిన్నే చూసిన."

"మామా అన్నడే! నడి బజార్ల అందరు ఇంటుండంగ అన్నడే! నాకు పానం పోయినట్లాయె."

"పోయినట్లాయె, పోలే. లైసెన్సు పానానికి ఇచ్చిన్రు, ఇజ్జత్‌కు గాదు."

"ఇజ్జత్ పోయినంక పానం ఉండి ఏం చేస్తది? ఇయ్యాల జమ్మి చెట్టు కాడ ఊరంత ఉంటది. వాడు నలుగుర్ల జమ్మాకు బంగారమని నా చేతుల పెట్టి కాళ్లు మొక్కుతడట. మొక్కితే నేనేం కావాలె?"

"మామవు అయితవు."

"అంత అల్కగ అంటవు!"

"అల్కగ లేదయ్యా. బిడ్డ పోయినకాడికెళ్లి నాకు ఒక్క ముద్ద మంచిగ దిగలే. నీకు చెప్పలే, చెప్తే ఇంటవా? అందుకే తోమిన. పూజకు గాదు. మొన్న రాత్రి తెల్లందాంక చింతపండు పులుసుల నానవెట్టి తోమిన. పేలొద్దని. ఆ పిల్లగాడు బతకాలని, నువ్వు జేలుకు పోవద్దని."

"తెలిసే చేసినవా!"

"తెలిసే చేసిన. కొడ్తే కొట్టు."

"ఎందుకు కొడ్త? నవ్వొస్తుంది నాకు. పళ్లెంల ఉన్నయి తోమితివి. మరి పిస్తోలుల ఉన్నయో?"

"...దాంట్ల గూడ ఉన్నయా?"

"ఉన్నయి. పొడిగ, సక్కగ ఉన్నయి."

"కింద పెట్టు. ఏమయ్యా, జర అది కింద పెట్టు. పూజ గాలే ఇంక."

"రానీయ్ వాన్ని. ఎన్ని తలుపుల సాటుకు పోయినా రాగిది ఆగదు. సేటు చెక్క పలక మీద పలక పెట్టి గూడ చూపిచ్చిండు. అన్ని దాటిపాయె."

"ముందుగాల దాన్ని పీట మీద పెట్టయ్యా."

"పెట్ట! ఏందే, వంటింట్ల చప్పుడు? ఎవరున్నరు లోపల?"

"పిల్లి."

"పిల్లి తలుపు గొళ్లెం పెట్టుకుంటదా? వచ్చిండా వాడు? నా ఇంట్లనే దాసినవా వాన్ని?"

"చరణ్ బస్టాండుల కూసున్నడు. మామ పిలిస్తేనే గడప తొక్కుత అన్నడు."

"అబద్ధం! ఏయ్, ఎవరు లోపల? బయటికి రా! వస్తవా, తలుపు మీద కొట్టాల్నా? బయటికి రమ్మంటున్న!"

"నిరోషా, గొళ్లెం తీసి పాపను ఎత్తుకోని రా బిడ్డా. తాత పిలుస్తుండు."