తెర లేకుండా లేచిన మిషన్

సభను నడిపిస్తున్న మా విభాగాధిపతి విశాలాక్షి మేడమ్ గారికి, ఈరోజు రిటైరవుతూ, శాలువాలో ఉక్కపోస్తున్నా తీయలేక కూర్చున్న మా సోమయాజులు సారుకు, పెద్దలకు, సమోసాల కోసం తలుపు వైపు చూస్తున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

నన్ను రెండు నిమిషాలే మాట్లాడమన్నారు. ఎనిమిది నెలలుగా కడుపులో దాచుకున్నది రెండు నిమిషాల్లో రాదు, మేడమ్ మన్నించాలి.

మా ల్యాబ్‌లో నడిచే కెర్నెల్, అంటే మిషన్ ఆన్ చేయగానే ముందు తాను లేచి మిగతా అన్నిటితో పని చేయించే ప్రోగ్రాము, సారు రాసింది. అందులో తెర మీద బొమ్మలు గీసే భాగాన్ని ఎనభై ఆరులో, తార్నాకలో అద్దెగదిలో కూర్చుని, అప్పటి నలుపు-తెలుపు గ్రాఫిక్స్ కార్డు కోసం రాశారు. పదకొండేళ్లయ్యేసరికి ఆ కార్డు మూలనున్న ఒక్క మిషన్‌లోనే మిగిలింది. అయినా కెర్నెల్ ప్రతి మిషన్‌లోనూ దానికోసం వెతికేది, దొరక్కపోతే అక్కడే ఆగిపోయేది. మానిటర్లు లేకుండా వచ్చిన ఎనిమిది కొత్త మిషన్లు అందుకే గోడవారన దుమ్ము పట్టాయి. నా ఎం.టెక్. ప్రాజెక్టేమో వాటి మీదే. అక్కర్లేనివాళ్లు ఆ భాగాన్ని వదిలేసి కెర్నెల్ తయారుచేసుకునే వీలు కల్పించాలి, అంతే పని.

కానీ మా ల్యాబ్‌లో ఒక ఆచారం ఉంది. ఏది మార్చినా రిజిస్టరులో రాసి, శనివారం చాయ్ దగ్గర అందరి ముందూ చదివి, ఆ భాగం రాసినవాళ్లు సరేనన్నాకే చేర్చాలి. "మీరు రాసింది ఇక తప్పనిసరి కాదు" అని సారు ముఖం చూసి చదవాలన్నమాట. మూడు శనివారాలు మల్కాజ్‌గిరిలో బస్సు దొరకలేదన్నాను. (సారు నవ్వుతున్నారు. అప్పుడే తెలుసట.)

నాలుగో వారం చదవకుండానే చేర్చేశాను. కెర్నెల్ తయారుచేసేటప్పుడు వచ్చే "పాత గ్రాఫిక్స్ కావాలా?" అన్న ప్రశ్నకు "వద్దు" అని పెట్టి అన్ని మిషన్లకూ ఎక్కించాను, మూలనున్న పాతదానితో సహా. సోమవారం బయటి నుంచి వచ్చిన పరీక్షకులకు సారు చూపించబోయింది సరిగ్గా దాన్నే. తెర నల్లగా ఉండిపోయింది. అటెండరు బిక్షం మానిటరును తుడిచి, వెనక రెండు తట్టి, "సారూ, ఇది పాణం ఇడిసింది" అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ నాకు ప్రాజెక్టూ పోయింది, సారు దగ్గర మాటా పోయింది అనిపించింది.

సారు వంగి డిస్కు చప్పుడు విన్నారు, తెర ఒక్కటే లేదు, మిషన్ లేచిందని గ్రహించారు. కీబోర్డు లాక్కుని, ఏమీ కనబడని తెర ముందు పేరు, పాస్‌వర్డు, ఒక ఆదేశం టకటకా కొట్టారు. ప్రింటరు గరగరమని కాగితం వదిలింది. పరీక్షకులు అదే ప్రదర్శన అనుకుని చప్పట్లు కొట్టారు. (నవ్వులు)

వాళ్లు వెళ్లాక అంతా చెప్పేశాను. ఆయన రిజిస్టరు తెప్పించి నా ముందు పెట్టారు.

"నా బాధ తీసినందుకు కాదు పూర్ణిమా. అడగకుంటనే, నేను వద్దంటనని ఎట్ల అనుకున్నవ్?"

ఆ శనివారం చదివాను. సారు చాయ్ తాగడం ఆపకుండానే సంతకం పెట్టారు.

ఈ పొద్దున ఆ ఎనిమిది మిషన్లకూ చివరిసారి కెర్నెల్ ఎక్కించింది ఆయనే. ప్రశ్న వచ్చిన ప్రతిసారీ "వద్దు" అని కొట్టారు. ఆయన టేబుల్ మీది తెర మీద ఆ ఎనిమిది మిషన్ల పేర్లు ఒకదాని వెనక ఒకటి లేచాయి. "ఇగ నాతోని ఏం పని? పా బిక్షం, చాయ్ తాగుదాం" అని లేచారు. అంత తేలిగ్గా ఆయన కుర్చీలోంచి లేవడం నేనెప్పుడూ చూడలేదు.

సారూ, మూలనున్న పాత మిషన్‌లో "కావాలి" అనే ఉంచాం. మీరు ఎప్పుడొచ్చినా తెర వెలుగుతుంది. కానీ మీరిక తప్పనిసరి కాదు. చూడండి, ముఖం చూసే చెప్పాను, బస్సు వంక కూడా పెట్టలేదు.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సమోసాలు వచ్చేశాయి, నాకిక సెలవు.