కాల్వ వంతెనకు భీమ్లా పట్టిన సుతిలి

ఏందే శ్రీజా, ట్రైలర్ కొంటవా? పెద్ద పెద్ద మిషన్లు మోసే పనిల దిగుతవా? దిగు, ఎవలొద్దన్నరు. గని మొదలు ఏ ట్రైలర్ తీస్కోవాల్నని ఈ తాతను అడుగుతున్నవ్ సూడు, గది అడగాల్సింది భీమ్లాను. ఆడు పోయి ఎన్నేండ్లాయెనో. మిర్యాలగూడల ఇద్దరం బియ్యం లారీలు తోలినోళ్లం. నేను మాట్లాడుడు, ఆడు ఇనుడు, గదే మా దోస్తాని. అప్పుడు మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీకి మిషన్ చేర్చే పని దొరికింది. మేనేజర్ ఏమన్నడంటే, "మొదటి లోడు సక్కగ దింపుండ్రి, ఏడాది పని మీదే." లేకపోతే మళ్ల బియ్యం బస్తాలే. ఇగ ట్రైలర్ కొనాలె. నేనేమో లో-బెడ్ అన్న. నేలకు జానెడెత్తుల ఉంటది, ఎంత మిషన్ పెట్టినా కరెంటు తీగలకు తాకదు. తీగలే గదా భయం! భీమ్లా సైకిలేస్కొని పోయిండు.

ఏం చేసిండో తెల్సా? బస్తాలు కుట్టే సుతిలి తాడు తెచ్చి, ట్రైలర్ ముందు చక్రాలకెంచి ఎనక చక్రాల దాక ఎంత పొడుగో గంత కోసిండు. రెండు కొసలకు లో-బెడ్ ఎత్తుకు సరిగ్గ జానెడు పుల్లలు కట్టిండు. సాగర్ కాల్వ మీద నడుమ ఉబ్బిన వంతెనలుంటయి గద, ఒక్కోదాని కాడ ఆగుడు, నాట్లకు పోయే ఆడోళ్లను పిల్సుడు. "అక్కా, జర గీ పుల్ల నిలబెట్టి పట్టుకోరాదే." ఆళ్లు ఒక్కటే నవ్వుడు. "ఏంది తమ్మీ, వంతెనకు అంగీ కుట్టిస్తవా?" గట్ల రెండు దినాలు. వచ్చి అన్నడు గదా, "దామోదరన్నా, మూడో వంతెన మీద బిగ్గ గుంజినా సుతిలి నడుమల నేలకు తాకింది. లో-బెడ్ పొట్ట ఆన్తది. సెమీ లో-బెడ్ తీస్కుందం, జర ఎత్తుంటది. తీగలంటవా, కరెంటోళ్లను అడిగి ఎత్తిపిద్దం." నాకు కోపమొచ్చింది. "ఇనుప బండికి సుతిలితోని కొలతేందిరా, పిచ్చోడా!" అని, ఆడు ఊర్ల లేనప్పుడు వోయి లో-బెడ్డే తెచ్చిన.

ఇగ చెప్పాల్నా? మొదటి లోడుతోని గా మూడో వంతెన మీదనే ఇర్కిన. ముందు చక్రాలు దాటినయ్, పొట్ట నడుమల కూసున్నది. ముందుకు రాదు, ఎనకకు పోదు. అటు బస్సులు, ఇటు వడ్ల ట్రాక్టర్లు, నాకు తిట్లే తిట్లు! కబురు తెలిసి భీమ్లా ఉరికొచ్చిండు. "నేను చెప్పలేదా" అనొచ్చు గద, అనలే. జాకీలు పెట్టి, చక్రాల కింద మొద్దులు తోసుకుంటా పొద్దుగూకే దాక పని చేసి బండిని వంతెన దించిండు. అరచేతుల తోలు లేసింది.

మర్నాడు మేనేజర్ ఇద్దర్ని పిలిచిండు. "ఈ ట్రైలర్ తెమ్మని ఎవరు చెప్పిన్రు?" అన్నడు. భీమ్లా నా పక్కనే నిలవడ్డడు. నేను... "భీమ్లానే సార్, దారంత కొలిసొచ్చింది ఆడే" అన్న. అవును, అన్న. ఆడు నా దిక్కు సూసిండు, నోరు తెరవలే. "ఇతన్ని తీసేసి పని నువ్వు చేస్కో" అన్నడు మేనేజర్. చేస్కున్న బిడ్డా, ఏడాది కాదు, ఆడు చెప్పిన సెమీ లో-బెడ్డే తెచ్చి పదకొండేండ్లు చేస్కున్న. ఆడు కోదాడ వోయి ఎవలదో లారీ తోలిండు, ఆన్నే పాణం ఇడిసిండు. చావుకు వోయిన. ఆడి పెండ్లాం ఏడ్సుకుంటనే నాతోని అన్నది, "దామోదరన్న తెలివి నాకేడిది, నా తప్పు కొలతకే ఆయన బండి వంతెన మీద ఇర్కె అనెటోడు అన్నా" అని. అంటే ఇంట్ల గూడ నిజం చెప్పలేదే ఆడు.

జర ఫ్యాన్ పెంచు, ఉక్క వోస్తున్నది.