ఈరవ్వ చెల్కల ఎల్లని పురుగు

బాలవ్వను శాత్రంల ఓడగొట్టినోళ్లు మా ఊళ్లె లేకుండె అనుకో. శాత్రమంటే గదే, మీరు పొడుపుకత అంటరు. కలుపు తీసేటప్పుడు నడుము నొప్పి మర్సిపోవాల్నని ఒకామె శాత్రం ఏస్తది, మిగిలినోళ్లు ఇప్పుతరు. దానికొక కట్టుబాటున్నది, యాదుంచుకోండ్రి. ఏసినామెకు జవాబు తెల్సుండాలె. తెల్వకుంట ఏసిందనుకో, జవాబు దొరికేదాంక తన సాలుతోని పాటు, సెప్పుమని నిలదీసినామె సాలు గూడ తనే తీయాలె. రెండు సాళ్లు, ఒక్క కూలి. గంత తెలివితక్కువ పని ఎవ్వలు జేస్తరు? మా బాలవ్వనే జేసింది.

ఏమైందంటే, బాలవ్వ బిడ్డ స్రవంతి పట్నంల పీహెచ్‌డీ సదువుతుండె. ఓ వానకాలం సంచి సదురుకొని ఇంటికొచ్చి, "అవ్వా, ఇగ నాతోని గాదే, ఇడిసిపెడ్త" అన్నదంట. పరీచ్చ తప్పినవా బిడ్డా అంటే, పరీచ్చ గాదే, ఒక్కటే ప్రశ్న, దాని జవాబు నేనే దేవులాడాలె అన్నది. మరి మీ సారును అడుగరాదు? "సారుకు గూడ తెల్వదే!" బాలవ్వ నోరు తెర్సింది. తనకు తెల్వంది పిల్లనెట్ల అడుగుతడు, గదేం న్యాయం? ఇంతకు ఏం ప్రశ్ననే అది? "తొలకరి వానకు ఆరుద్ర పురుగులు ఎల్తయి సూడు, ఎర్రగ, మకమల్ గుడ్డ లెక్క. మన చెల్కల ఎల్తయి. ఒడ్డు అవుతల ఈరవ్వ పెద్దమ్మ చెల్కల ఒక్కటి గూడ ఎందుకు ఎల్లది?" అంతే. గా ఒక్క ముక్క కోసం ఏండ్లకేండ్లు మన్ను తవ్విందంట పోరి. మన్ను ఒక్కటే, వాన ఒక్కటే, కొట్టే మందు ఒక్కటే. జవాబు లేదు.

తెల్లారి పత్తి కలుపుల బాలవ్వ వంతొచ్చింది. మనసుల అదే మెదులుతుండె గదా, నోట్లకెల్లి అదే ఊడిపడ్డది. ఇగ సూడు! మన్ను అని ఒకామె, వాస్తు అని ఇంకొకామె, నేనేమో "ఈరవ్వ నోటికి భయపడి" అన్న. మా నడుమనే కలుపు తీస్తున్న ఈరవ్వ మొకం ఎర్రగైంది. "ఓడినం తియ్యి, సెప్పు మరి!" అన్నది. బాలవ్వ కొంగుతోని మొకం తుడుసుకొని, "నాకు తెల్వదు" అన్నది. ఎన్నడన్న విన్నమా గా మాట ఆమె నోట? ఈరవ్వ ఊకుంటదా, కట్టుబాటు కట్టుబాటే అన్నది.

పగటీలి సద్ది తెచ్చిన స్రవంతి సూసింది, తల్లి రెండు సాళ్ల నడుమ వంగి ఉన్నది. సంగతి తెల్సి ఏడ్సింది పిల్ల. "ఎందుకేసినవే అవ్వా?" అంటే బాలవ్వ ఏమన్నదో ఇనుండ్రి. "ఇన్నేండ్లు నాకు తెల్సినవే అడిగి గెల్సిన బిడ్డా. తెల్వంది అడగాల్నంటే ఎంత గుండె ఉండాల్నో ఇయ్యాల్నే తెల్సింది. నువ్వు దాని ముంగట ఇన్నేండ్లు కూసున్నవు. లేసి రాకు. నువ్వు ఇడిసిపెడితే, నేను సచ్చేదాంక రెండు సాళ్లే!"

మళ్ల పట్నం పోయింది పిల్ల. బాలవ్వ ఆ పంట కలుపు తీసింది, మళ్లొచ్చిన పంట కలుపు తీసింది, రెండేసి సాళ్లు. నడుము పట్టుకపోయేది పాపం. కాని ఈరవ్వను సూడాలె మీరు! తొలకరి రాంగనే తన చెల్కల గొంతుకూసొని, పుల్ల పట్టుకొని మన్ను గెలికేది. ఎవరన్న సూస్తే ముల్లు గుచ్చుకున్నదనేది.

ఆకర్కి స్రవంతి పట్టా తీసుకొని వచ్చింది. బాలవ్వ దాన్ని సూడనే లేదు, "జవాబేందే?" అన్నదంట. ఆరుద్ర పురుగు పిల్ల ఉంటది గదా, మిడుతను పట్టుకొని దాని మీదనే పెరుగుతదంట. ఈరవ్వ ఎండకాలం తన దిక్కు ఒడ్డు మీది గడ్డికి నిప్పు పెడ్తది. మన్నుల మిడుత గుడ్లు మాడిపోతయి. మిడుత లేదు, పురుగు లేదు. ఇదీ సంగతి.

బాలవ్వ కలుపుల నిలవడి జవాబు సెప్పింది. ఈరవ్వ సాలు ఈరవ్వకే తిరిగివోయె. ఇగ సప్పుడు జెయ్యకుంట ఉండొచ్చు గదా? ఉండదు! "మరి నిప్పు పెట్టుడు బందు జేస్తే, ఆ చెల్కలకు పురుగు మళ్ల వస్తదా?" అన్నది. నీకు తెల్సా అంటే, నా బిడ్డకు గూడ తెల్వదు అన్నది, అనుకుంట ఈరవ్వ సాలుల వంగింది. ఈరవ్వ ఆమె జబ్బ పట్టి లేపింది. "లెవ్వు. చెల్క నాది, శాత్రం గూడ నాదే. నా సాలు నేనే తీసుకుంట" అన్నది.

అప్పటిసంది ఆ ఒడ్డుకు నిప్పు లేదు. వానవడితే ఇద్దరు ముసలోళ్లు ఒడ్డు మీద గొంతుకూసుంటరు. పురుగు ఎల్లిందా అంటరా? నన్నడుగకుండ్రి. నాకు తెల్వదన్ననుకో, మీ సాళ్లన్ని నేను తీయాల్సొస్తది.