తొమ్మిదో నెంబరు పులి

"తాతా, ఫోన్ రికార్డింగులో పెట్టాను, మాట్లాడండి. మీకు ఓ రేజరు తెప్పిస్తానన్నాను కదా. ఈ బొమ్మల్లో ఏది కావాలో చెప్పండి."

ఏదీ, ఇలగియ్యి. ఏటమ్మా ఇన్ని రకాలు? ఇదీ అదీ ఒక్కటే కదా. కాదా? ఓ, పక్కనుంచి తీసినారా బొమ్మ. హఉ, సరే. ఇది మూడు ముక్కల్ది, ఇప్పి బ్లేడు పెట్టి మళ్లీ బిగించుకోవాల. ఇదేమో పిడి అడుగున తిప్పితే పైన రెండు రెక్కలూ తలుపుల్లాగ తెరుసుకుంటాయి, మద్దిన బ్లేడు పెట్టి మూసీడమే. మరిది... దీని మెడకాడ అంకెలున్నాయేమో సూడు, నాకు ఆనడం నేదు. ఉన్నాయి కదా, ఒకటి నుంచి తొమ్మిది దాకా. అదే. అలాటిదే మీ సిన్నతాత దగ్గరుంది. అదే, నా తమ్ముడు సన్నాసి. నిన్న ఆడుండే అంకులి ఊరెల్లి దాంతోనే కదా ఆడికి గడ్డం గీసొచ్చినాను. నిన్నా, మొన్నా? లచ్చివారం ఏ రోజయినాది? సర్లే, మొన్నే.

ఆ అంకెల సంగతి మాత్రం నన్నడక్కు. ఇన్నేళ్లయినా నా బుర్రకి తిన్నగా ఎక్కనేదు. పెద్దంకె పెడితే మెత్తగా గీత్తాదా, సిన్నంకె పెడితే మెత్తగా గీత్తాదా? ఆలోసించు. పెద్దంకే అంటావు కదా. అనవా? మరి నేనన్నాను. నేనలగనడానికి కారనం ఉంది, ఇను.

మాది నూలు కొట్టు. నువ్వు పుట్టీసరికి తీసీసినాం గానీ, మా నాన్న రోజుల్లో బడాబజార్లో మా కొట్టు తెలీని సాలీలు నేరు. బళ్లు దిగీవి నూలు బేళ్లు. అప్పట్లో బేలు కరీదెంతుండీదో, నాకు జ్ఞాపకం నేదు, మా నాన్న మాత్రం రోజూ పెరిగిపోనాది పెరిగిపోనాదని గోల పెట్టీవోడు. ఏటంటే, నూలుకి నెంబరుంటాది. ఇరవయ్యో నెంబరు మోటు, దుప్పట్లకీ తువ్వాళ్లకీ. అరవయ్యో నెంబరు సన్నం. ఎనబై ఇంకా సన్నం. నెంబరు పెరిగే కొద్దీ పోగు సన్నం, పట్టుకుంటే మెత్తన. నేనూ సన్నాసీ లాగూలేసుకున్న కాడ్నించీ ఆ లెక్కలోనే పెరిగినాం. అక్షరాలకన్నా ముందు నూలు నెంబర్లు నేర్సుకున్నాం. అదీ మా బుర్ర.

ఏటి సెప్తన్నాను? రేజరు. కాదు, ముందు జాత్ర సెప్పాల, నేకపోతే రేజరెందుకు కొన్నామో తెల్దు నీకు. రెండేళ్లకోపాలి సైత్రంలో ఠాకురాణి అమ్మవారు పుట్టింటికొత్తాది కదా, ఊరంతా ఏసాలు కట్టీది అప్పుడే. సన్నాసికి సిన్నప్పుడు జొరమొచ్చి ఒల్లు కాలిపోయి, మూసిన కన్ను తెరవనేదట. మా అమ్మ మొక్కుకుంది, ఈడు బతికి పెద్దోడైతే నీ జాత్రలో పులేసం కట్టిత్తానని. బతికినాడు. పెద్దోడయినాడు. ఆ పెద్దోడయిన ఏడే మొక్కు తీర్సాలని అమ్మ పట్టుబట్టింది. పెల్లికి ముందే తీరిపోవాలంది. ఆడి పెల్లి ఆ వైశాకంలోనే... కాదు, ఆ ముందు ఏడు. కాదు కాదు, ఆ తరవాతే. మీ సిన్నమామ్మ ఆ జాత్రకి నేదు.

పులేసం అంటే ఒంటి నిండా రంగు. పసుపురంగు పూసి, నల్ల సారలు ఎయ్యాల. ఒంటి మీద ఒక్క ఎంట్రిక ఉండకూడదు, ఉంటే రంగంటదు. మా భండారికి, అంటే మా ఈదిలో మంగలికి, జాత్ర రోజుల్లో ఖాళీ ఏదీ? ఏసాలోళ్లందరూ ఆడి గుమ్మంకాడే. మా సన్నాసి ఒంటి మీద ఎంట్రికలా, ఎలుగ్గొడ్డే అనుకో. రెండు పూటల పని ఆడిది. అందుకని, మనమే రేజరు కొనీసి మనమే గీసుకుందాం అన్నాడు ఆడు.

ఫేన్సీ కొట్టుకి ఎల్నాం ఇద్దరం. ఆ కొట్టతను మూడు రకాలు తీసి అద్దం మీద పెట్టినాడు. ఒకటి మామూల్ది. ఒకటి తలుపుల్ది. ఒకటి ఇదిగో ఈ అంకెల్ది. అంకెలెందుకయ్యా అనడిగితే అతనికీ తెల్దు. ఎవరికి కావల్సినట్టు ఆల్లు తిప్పుకోడానికట అన్నాడు. సన్నాసి దాన్ని సేతిలోకి తీసుకుని నాకేసి సూసి నవ్వినాడు. నెంబర్లున్న సరుకు మనకి తెలీకపోడం ఏటి అన్నాడు. నాకూ అలగే అనిపించింది. మిగతా రెండూ ముట్టుకోకుండా అదే కొనీసినాం.

అరుగు మీద కూకోబెట్టి నేనే గీసినాను. ఇప్పుడంటే తెలుసు నాకు, ముందు ఏడినీళ్లతో బాగా నానబెట్టాలనీ, బ్రష్షుతో నురగ గుండ్రంగా తిప్పి తిప్పి పట్టించాలనీ, రేజరు బరువే సాలు, సెయ్యి నొక్కకూడదనీ, ఎంట్రిక ఎటు వాలితే అటే గియ్యాలనీ. అప్పుడేటి తెలుసు? బట్టలసబ్బు రాసి, ఎదురుగా నొక్కి లాగడమే. ఎన్నో నెంబరు పెట్టమంటావన్నయ్యా అనడిగినాడు. పెద్దోన్ని కదా నేను. తొమ్మిది పెట్టు, సన్నంగా, మెత్తగా ఎల్తాది అన్నాను. ఆడికీ అదే సబబనిపించింది. ఇద్దరం ఆ కొట్లో పెరిగినోళ్లమే కదా.

తొమ్మిదంటే ఏటనుకున్నావు, బ్లేడు మొత్తం నోరు తెరుసుకుని బయటికి రావడం. నున్నగానే గీసింది, కాదన్ను. ఛాతీ, ఈపు, కాళ్లు అన్నీ అద్దంలాగ తేలినాయి. రక్తం బొట్టు రానేదు. తోలు మాత్రం కందిపోనాది, సెగ తగిలినట్టు. మంటగా ఉందా అంటే, కొద్దిగా ఉందన్నాడు.

తెల్లారి రంగులోడొచ్చి టర్పెంటాయిలు కలిపిన రంగు బ్రష్షుతో ఈపు మీద ఒక్క లాగు లాగినాడు. అంతే. సన్నాసి ఎగిరి అరుగు కిందకి దూకినాడు. పట్టుకున్నాం నలుగురం. ఎలాగో పూసినారు. డోలు కొట్టినారు, సన్నాయిలాటి మౌరి ఊదినారు, పులి ఈదిలో పడింది. అమ్మా, ఆ ఆట. దొల్లినాడు, గోడలెక్కినాడు, గంతులంటే మామూలు గంతులా. మంట తట్టుకోలేక ఎల్తన్నాడని నాకు తెలుసు. జనానికేం తెలుసు? మా ఆసిలే, మా ఆసిలే అని అరుపులు. అమ్మొచ్చింది ఆడి మీదికి అని. ఆడోళ్లు బిందెల్తో పసుపునీళ్లు తెచ్చి పోత్తన్నారు. నీళ్లు కనపడ్డకాడికల్లా ఉరుకుతన్నాడు పులి. పిల్లల్ని తెచ్చి ఆడి కాళ్ల ముందు పడుకోబెడతన్నారు, ఆడు దాటాలని. మా అమ్మ, కన్నతల్లి, ఆడికి సాష్టాంగపడిపోనాది ఈది మద్దిన. నాకు నవ్వాలో ఏడవాలో తెలీనేదు. ఆ తరవాత సానా ఏళ్లు ఆ పులి గురించి సెప్పుకున్నారు గోసాని నువాగాం ఈదుల్లో.

ఆ రాత్రి కిరసనాయిలుతో రంగు తీసీసరికి మళ్లీ అదే బాధ. కొబ్బరినూనె రాసి అరిటాకు మీద పడుకోబెట్టినాం. బోర్లా పడుకుని, తల ఇటు తిప్పి, ఒక్క మాటన్నాడు. "అన్నయ్యా, ఇది నూలు కాదు."

కోపం నేదు ఆ మాటలో. మరింక అదే మాట జన్మంతా. నేను పలాస బండి టయిము తప్పు సెప్తే, అన్నయ్యా ఇది నూలు కాదు. పల్లం జాగా కొని వానకి మునిగిపోతే, అన్నయ్యా ఇది నూలు కాదు. మీ మామ్మ కూడా నేర్సీసింది, కూరలో ఉప్పుందా అని నన్నడిగి, నేనేటో సెప్తే అదే మాట. రేజరు మాత్రం ఆడే ఉంచుకున్నాడు. ఒక్కో అంకే తిప్పి సూసుకుని, తనకేది సరిపోతాదో కనుక్కున్నాడు. అప్పట్నించీ పొద్దున్నే గడ్డం గియ్యందే కాపీ తాగీవోడు కాడు. నేను మాత్రం మంగలి కొట్టుకే.

ఎందుకు సెప్తన్నానంటే... మొన్న కార్తీకం ముందు ఆడికి పచ్చవాతం కదా. కుడి సెయ్యీ కాలూ పడిపోనాయి. మాట పోనాది. తల మాత్రం ఊపుతాడు. టీ తాగుతావా అంటే ఊపుతాడు. టీ ఒద్దా అన్నా ఊపుతాడు. నేనెవర్నిరా అంటే దానికీ ఊపుతాడు. డాక్టరు, మనం అనీది ఆడికి తెలిస్తే తెలుత్తాది, నేకపోతే నేదు, సెప్పలేం అన్నాడు. అదేం మాట? నాకదే బెంగ పట్టుకుంది. ఆడు లోపలున్నాడా, నేడా? నేను పక్కన కూకుని కబుర్లు సెప్తంటే, అవి మా సన్నాసికి సెప్తన్నానా, గోడకి సెప్తన్నానా?

గడ్డం పెరిగిపోనాది. మన ఇళ్లల్లో మగోడు గడ్డం పెంచినాడంటే ఎవరో పోనట్టే కదా. మంగలొస్తే మొగం తిప్పీసుకున్నాడు. ఆడి కొడుకు కరెంటు మిసను పెడితే ఎడం సేత్తో కొట్టీసినాడు. మీ సిన్నమామ్మ నాకు ఫోను సేసి ఏడిసింది. "బావగారూ, ఆరు బతికుండగానే మైల పట్టిన కొంపలాగుంది, మీరోపాలి రండి" అంది. ఎల్నాను.

ఆ రేజరే తెచ్చి నా సేతికిచ్చింది. ఎవరో అది తుడిసి, తిప్పి, ఒకటో నెంబరు కాడ పెట్టీసినారు. ఆడి నెంబరేదో ఆవిడికీ తెల్దు. కుర్చీలో తువ్వాలు కప్పి, ఏడినీళ్ల గుడ్డ మొగానికి పెట్టి, నురగ పట్టించినాను. నా దగ్గర మొగం తిప్పుకోనేదు, అదొకటి. ఎన్నో నెంబర్రా నీది? మూడా? తలూపినాడు. ఏడా? తలూపినాడు. తొమ్మిదా? దానికీ ఊపినాడు. కళ్లజోడు ఆవిరి పట్టేసి తీసి పక్కన పెట్టినాను, అంకెలు కనపడవు. కుడి సెంపకి సొరనేదు, తెగినా తెలీదాడికి. అందుకని మెత్తగా ఉండాల కదా అనుకున్నాను. మెత్తగా అంటే సన్నం. సన్నమంటే పెద్ద నెంబరు. సూడు నా బుర్ర. ఆ జాత్ర పూట ఆడికేటి జరిగిందో అంతా ఎరిగుండీ, సెయ్యి దానంతటదే ఇటు తిప్పుకుంటా పోనాది, ఇంక తిరగదనీ దాకా. తొమ్మిది.

సెంపకి ఆనించబోతే, ఆడి ఎడం సెయ్యి లేచి నా మనికట్టు పట్టుకుంది. గట్టిగా. నేనింకా బోధపడక లాక్కుంటన్నాను. ఒదల్నేదు. రేజర్ని మొగం ముందుకి తెచ్చుకుని, నేను పిడి పట్టుకునుండగా, మనికట్టొదిలి, ఆ ఎడం సేతి ఏళ్లతోనే మెడకాడ అంకెల మర తిప్పినాడు. సానా సేపు పట్టింది. ఎనక్కి, ఎనక్కి, ఒక్కొక్కటే. ఆపి, నాకేసి సూసినాడు. మూతి ఒక పక్కే లేస్తాది కదా ఇప్పుడు, ఆ పక్కే నవ్వినాడు.

"నూ... నూలు," అన్నాడు. "కా... అన్న..."

అంతే వొచ్చింది మాట. మీ సిన్నమామ్మ పరిగెట్టుకొచ్చింది, ఏటంటన్నారు బావగారూ, నూలు కావాలా, నూలెందుకూ అని. కూకుండిపోనాను ఆడి మంచం మీద. నవ్వొచ్చీసింది, ఏడుపొచ్చీసింది, నురగ సెయ్యితో మొగం తుడుసుకున్నాను, నా మొగం నిండా సబ్బు. ఆడున్నాడమ్మా. లోపల మా సన్నాసే ఉన్నాడు. ఇన్నాళ్లూ నా కబుర్లన్నీ ఇంటన్నాడు, తప్పులన్నీ ఎంచుకుంటన్నాడు.

మరి గీసినానా అంటే, గీసినాను, ఒక్క గాటు పడనేదు. కుడి సెంపకాడ నా బొటనేలితో తోలు సాగదీసి, పటికరాయి రాసి, అద్దం పట్టినాను. ఎన్నో నెంబరు కాడ ఆపినాడో మాత్రం సూడ్నేదు. కళ్లజోడు నేదన్నాను కదా. మూడుంటాది. రెండేమో. మళ్లీ రేపెల్లాల, ఆడే తిప్పుకుంటాడులే, తెలుసుకోడం నాకెందుకు.

సరే, ఇదిగో, ఈ అంకెల్దే తెప్పించు నాకు. అంకెలు పెద్దగా, నల్లగా ఉన్నది సూడు. వొచ్చినాక ఆడికాడికే పట్టికెల్లి, నా నెంబరు కూడా ఆడిసేతే పెట్టించుకుంటాను. నువ్వు సల్లగుండు తల్లీ. నువ్వు నోరు తెరవలేని రోజున కూడా నీ మాట పట్టీవోళ్లు నీ పక్కనుండాల. నువ్వు తప్పు తిప్పితే సెయ్యి పట్టుకునీవోళ్లుండాల. ఇంకేటి కావాల మనిసికి.

ఆగు, ఆ బొమ్మ పోనాదే. నేనేటైనా నొక్కీసినానా? ఇందాకటిది ఇదేనా, ఇది దువ్వెన కదూ...