గలిజేరాకు పత్యం

నందవరం మండలంలో ఒక ఊరు. కామెర్లకు ఆకు ఇచ్చే మహాదేవి ఇంటి గడప. ఆదోని నుంచి వచ్చిన దుర్గప్ప.

“కండ్లు సూపీ. రెప్ప కిందికి లాగు.”

“లాగినా గదా, మహాదేవీ.”

“పసుపు పూసినట్టుండాయి. పేరు పెట్టి పిలవాకు. మందుకొచ్చినోళ్లంతా అక్కా అంటారు. నువ్వూ అను.”

“నేనా?”

“ఏం, నోరు తిరగదా?”

“అది కుదరదులే. ఆకు ఇయ్యి, పోతా.”

“ఆస్పత్రికి పోయినావా?”

“పోయినా. కార్జం గట్టిపడిందన్నారు. ఇంగ సుక్క ముట్టినా బతకవన్నారు.”

“ముట్టినావా?”

“లేదు.”

“దుర్గప్పా.”

“నిన్న. కొంచెం. పత్తి బోరాలు మోసి మోసి ఒళ్లు నొప్పులు...”

“మోసినోళ్లంతా తాగితే ఆదోని మార్కెట్టులో బోరా లేపేటోడే ఉండడు. మాత్రలు ఇచ్చినారా?”

“ఇచ్చినారు. పద్మ మింగిస్తాంది. ఈడికి గూడా పద్మనే పంపించింది. ఆయమ్మ చెయ్యి మంచిది, పో అని ఏడ్చింది.”

“యాడుంది?”

“బస్సు దిగిన కాడే కూసున్యాది.”

“ఎండలోనా?”

“ఈ ఇంటికి రానీకి మొగం లేదంట.”

“నీకుంది.”

“...నాకు పానం మీదికొచ్చింది.”

“ఇదో, పట్టు.”

“ఇదేంది? గలిజేరు గదా. సేన్ల గట్ల మీద యాడ సూసినా ఇదే. అందరికీ నూరి ఉండలు చేసి ఇస్తావంట. నాకేమో పెరికిన ఆకు పెరికినట్టే పెడతాండావు.”

“నీ కోసం రోలు కడగాల్నా?”

“అట్ల కాదు...”

“పెసరపప్పులో ఏసి వండుకో. రోజూ తిను. ఉప్పు తగ్గించు. నూనె వద్దు. మాత్రలు మానాకు. సారాయి తాగి దీన్ని తినేటట్టయితే ఈడనే పెట్టి పో, మేకకు ఏస్తా. మేక తాగదు.”

“గడ్డి తింటే కార్జం బాగైతాదా అని అడుగుతాండా, అంతే.”

“ఆ మాట ఇంతకు ముందూ ఇన్న్యా. ఈ ఆకుతోనే పప్పు చేసి పెడితే, గడ్డి పెడతాండావా అని పళ్లెం గోడకు కొట్టినాడు ఒకడు. మరక ఇంగా పోలే. సూడు, లోపల నీ ఎదురుగనే ఉంది.”

“సున్నం బాగనే ఏసినారు.”

“సున్నం కింద ఉంది.”

“నాకేం కనపడలే.”

“నీ కండ్లకు ఇప్పుడు అంతా పచ్చగనే కనపడతాదిలే.”

“మానేస్తా, మహాదేవీ. ఒట్టు.”

“ఎవురి మీద?”

“నీ మీదనే.”

“నా మీద వద్దు. పద్మ మీద గూడా పెట్టాకు. పాపం, ఆయమ్మ బతకాల.”

“ఎంత మాటంటివి.”

“తక్కువే అన్న్యా.”

“పద్మకు ఈ పప్పు చేసేది తెలీదు.”

“నిన్ను భరించేది నేర్చుకున్న మనిషికి పప్పు ఒక లెక్కా? ఆకు బాగా కడగమని చెప్పు. మన్ను ఉంటాది.”

“అయిపోతే మల్లా ఈడికి...”

“నేను ఇచ్చేది ఒక్కసారే. గట్ల మీద యాడ సూసినా ఇదే అన్న్యావు గదా. కోసుకోండి.”

“ఒక్కసారి లోపలికొచ్చి నీళ్లు తాగి పోతా.”

“చెంబు గడప మీద పెట్టినా. ఈడనే తాగు.”

“...తాగినా.”

“ఇంగ పో. మందింట్లోంచి పోయేటోళ్లు ‘వస్తా’ అనగూడదు. అంటే రోగం ఎనక్కొస్తాది. తెలుసు గదా?”

“తెలుసు. అలవాటు కొద్దీ నోరు జారితేనో?”

“జారదులే. తాళి కట్టినదాన్ని ఇడిసిపెట్టి ఇదే గడప దిగిన పొద్దు గూడా నువ్వు ‘వస్తా’ అనలే.”