వెనకనుంచి చూసిన కారు

చిరాగ్‌పల్లి హైవే పక్కన చాయ్ హోటల్లో కూర్చుని, ఆయన భార్యను మెల్లగా మాటల్లోకి దింపాడు. పెళ్లైన కొత్తలో నడిపిన పాత స్పోర్ట్స్ కారును నిన్న ఆమెకు చెప్పకుండా మళ్ళీ కొనేశాడు మరి.

"మన ఎర్ర కారు యాదికున్నదా? రెండే సీట్లు, పైన టాపు లేదు. మొగుడంపల్లి తొవ్వల మొకానికి గాలి కొడుతుంటే ఎంత మజా ఉండె."

"నా మొకానికి పొగ కొట్టింది."

"పొగ ఎక్కడిది?"

"వెనుకకెళ్లి నూకెటోళ్లకు పొగనే కొడతది. అది ఎన్నడన్న నూకకుండ స్టార్టయిందా?"

"అయినంక గుర్రమోలె ఉరికేది కదా."

"ఉరికింది. నన్ను ఎక్కించుకోకుండనే ఊరు దాటినవ్. నేను చెరుకు ట్రాక్టర్ ఎక్కి ఇల్లు చేరిన."

"ఆపితే బందయితదని ఆపలే."

"ఇప్పుడెందుకు ఆ ముచ్చట?"

ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తూ గొణిగాడు. "మళ్ళ కొన్న. హోటల్ వెనుక నిలబెట్టిన."

ఆమె లేచి కొంగు నడుముకు బిగించింది.

"తాళం ఇటియ్యి."

"నీకు నడపొస్తదా?"

"మన చేన్ల ట్రాక్టర్ ఎవరు నడుపుతరు? పా, నువ్వు నూకు."

"స్టార్టయినంక ఆపుతవు గదా?"

"ఆపితే బందయితది. నువ్వు చెరుకు ట్రాక్టర్ చూసుకొని రా."