ఖాళీ పోర్షన్‌లో దింపిన కొత్త సిస్టమ్

సాయంత్రం మా టీ కొట్టు బల్ల మీద బీటా బాబాయి కూర్చున్నాడంటే అందరూ రెండో టీ చెప్పాల్సిందే. ఆయన కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఏ సాఫ్ట్‌వేరైనా పరీక్షకని ముందుగా వదిలే బీటా రకం మొదట తన చేతిలోనే పడాలంటాడు, అందుకే ఆ పేరు. ఆవేళ డ్రైవరు, సెలూనాయన, నేనూ ఉన్నాం. బల్ల చివర బాబాయి బావ, అంటే వాళ్లక్క మొగుడు, గ్లాసు పట్టుకుని వీధికేసి చూస్తున్నాడు.

"ఇప్పుడంటే అందరూ పెట్టుకుంటున్నారు గానీ, ఆ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా కడుపులో ఉండగానే నేను ఎక్కించాను," మొదలుపెట్టాడు బాబాయి. "ప్రివ్యూ అంటారు దాన్ని. రుచి చూడమని వదులుతారు, ఉప్పు చాలకపోయినా తిట్టుకోకూడదు. నేనేమన్నా వెర్రివాణ్ణా, ఉన్న సిస్టమ్ మీదే ఎక్కించడానికి? డిస్కులో ఒక పార్టిషన్‌లో పాత సిస్టమ్ కాపురముంది, పక్కది ఖాళీ. ఇల్లొకటే, పోర్షన్లు రెండు. పాతవాళ్లని కదపకుండా కొత్త సంసారాన్ని పక్క పోర్షన్‌లో దింపానన్నమాట. ఇక స్విచ్ వేస్తే చాలు, ఏ గుమ్మంలోకి వెళ్తావయ్యా అని అదే అడుగుతుంది."

"ఇంతేనా?" అన్నాడు డ్రైవరు.

"ఇంతేనా అంటావేంట్రా! పక్క పోర్షన్ చెరిపెయ్యనా అంది, చెరిపెయ్ అన్నా, నేను ఆవలించి నోరు మూసేలోపు ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేగం! స్విచ్ దగ్గరికి వేలు వెళ్లకముందే తెర వెలిగేది. ఓ ముక్క టైపు చేద్దామని కూర్చుంటే, రేపు చేయబోయేది కూడా చేసేసి కింద నా సంతకం పెట్టేసింది. వీధంతా కరెంటు పోయింది, అది మాత్రం దీపంలా వెలుగుతోంది."

"కరెంటు లేకుండా ఎలా బాబాయ్?"

"నిన్నటి కరెంటు మిగుల్చుకుందిరా! పొదుపు తెలిసిన పిల్ల. అసలు సంగతి విను. ఆ తెర మీద బాణం గుర్తుంటుందే, మౌస్ కదిపితే కదిలేది, అది ఆ వేగానికి ఆగలేక తెర దాటి బయటికొచ్చేసింది. గోడెక్కింది. అక్కడొక బల్లి ఉంది. పురుగనుకుని గుటుక్కున మింగేసింది!"

సెలూనాయనకి టీ పొలమారింది. నేను పొయ్యి తగ్గించి వింటున్నాను.

"నవ్వకండి, ప్రాణాల మీదికొచ్చిన సంగతి! బల్లి గోడ మీద ఎటు పరిగెడితే లోకంలో కంప్యూటర్లన్నీ అటే పరిగెత్తాయి. విమానాలు ఎక్కడివక్కడ గాల్లో ఆగిపోయాయి, దండెం మీద బట్టల్లాగ. ఆ కంపెనీ పెద్దాయన ఫోన్లో ఒకటే ఏడుపు, అయ్యా మీరే దిక్కని. నేను తాపీగా ఆ బల్లిని పట్టుకుని వీపు మీద రెండుసార్లు నొక్కా. అన్నీ దిగాయి."

"మరి బల్లేమైంది?"

"కంపెనీవాళ్లు ఉద్యోగమిచ్చి తీసుకెళ్లారు."

అందరం పగలబడి నవ్వాం. నవ్వు తగ్గాక బల్ల చివర్నించి బావ అడిగాడు. "ఎవరి కంప్యూటర్‌రా అది?"

"కథ మధ్యలో అడ్డం రాకు బావా."

"అది మీ అక్కది. నెమ్మదిగా నడుస్తోంది, ఓసారి చూడమని నీకిచ్చింది." బావ గొంతు పెంచలేదు. "ఆ పోర్షన్ ఖాళీ కాదు. ఆవిడ గీసుకున్న ఎంబ్రాయిడరీ డిజైన్లన్నీ అందులోనే ఉండేవి. ఒక్కో ఆకూ ఒక్కో రెక్కా మా ఎంబ్రాయిడరీ మెషీనుకి తెలిసేలా కుట్టుకుట్టుకీ కూర్చుని గీసింది. అవి చూసే మా దగ్గరికి జనం వచ్చేవాళ్లు."

బాబాయి మా మొహాలు చూశాడు. "అవెక్కడికీ పోవు బావా. తీయడానికి పద్ధతులున్నాయి, కాస్త తీరిక దొరకాలి గానీ..."

"ఆవిడతోనూ ఇదే అన్నావు. ఎక్కడికీ పోవక్కా, నేను తీసిస్తాగా అని. మెషీను అమ్మేశాం. ఇప్పుడు ఎవరి కొట్లోనో, ఎవరో గీసిన పువ్వులకి వేలాడే దారాలు కత్తిరిస్తోంది మీ అక్క. ఆ కంప్యూటర్ మాత్రం అమ్మనివ్వదు. ఇంకెవరికైనా చూపిస్తానంటే నా మీద పడి అరుస్తుంది. తమ్ముడొస్తాడు, వాడి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడితే ఉన్నవీ పోతాయంటుంది. రోజూ దుమ్ము తుడిచి గుడ్డ కప్పుతుంది. నువ్వు మా వీధిలోకి రావడమే మానేశావు."

"పనులు బావా..."

బావ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టాడు. వెళ్లబోతూ ఆగి, బాబాయి వంక చూశాడు.

"వీళ్లు నిన్ను నమ్మరు కాబట్టి హాయిగా నవ్వుకుని పోతారు. నమ్మింది ఆవిడొక్కతే."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా బాబాయి అటే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "నిజానికి పోయినవి తీయడం నాకో లెక్క కాదు. ఒకసారి ఏమైందో తెలుసా..."

ఎవరమూ ఊఁ కొట్టలేదు.